మా వీధి క్యాలెండర్లు

నేను పిరికిదాన్ని. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుంది. మాది కారేపల్లి వైపు పల్లె. చిన్నప్పుడు నేను చూసిన అతి పెద్ద నీరు మా మిరపచేను బావిలోది. ఆ బావిలోకి తొంగిచూడమంటేనే నాలుగడుగులు వెనక్కి వేసేదాన్ని. అలాంటిదాన్ని ఉద్యోగం తీసుకొచ్చి గోదావరి ఒడ్డున పడేసింది. మున్సిపాలిటీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ని, అదీ ఔట్‌సోర్సింగు. మా ఆయనది పాల్వంచలో షిఫ్టు పని, రోజూ బస్సులో పోయి వస్తాడు. మాకు నాలుగేళ్ల కూతురు. ఊరి పేరు రాయను. నేను చేసిన తప్పు ఊరి మీద పడటం నాకిష్టం లేదు.

మేం కిరాయికి ఉన్న ఇల్లు ఒక ముసలామెది. ముందు రెండు గదులు మావి, వెనక గది ఆమెది. ఆమె భర్త బతికున్నప్పుడు బజార్లో టైలర్ షాపు ఉండేదట. ఆయన పోయాక షాపు పోయింది గానీ మిషను మాత్రం ఇంటికొచ్చింది. ఆ మిషను మీద ఆమె వీధిలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, స్నానానికి పోయేటప్పుడు తప్ప. నేను ఆఫీసుకు పోతే నా బిడ్డను చూసుకునేది ఆమే. బిడ్డ ఆమెను నానీ అంటుంది, ఆమె ఉర్దూలో అమ్మమ్మ అని. వినీ వినీ నాకూ అదే అలవాటైంది.

ఒక ఎండాకాలం పొద్దున మా మేనేజరు సారు ఒక ఫారం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. పట్టణ ప్రొఫైల్ అట. ఊరి గురించి సమస్తం అందులో నింపి పైకి పంపాలి. దాన్ని తయారుచేసిన కంపెనీ అంతకుముందు ఎక్కడో సముద్రం పక్క ఊళ్లకు ఇదే పని చేసిందట. ఆ ఫారాన్నే మాకూ పంపేసింది, ఒక్క ముక్క మార్చకుండా. అందులో సముద్ర తీరం పొడవు ఎంత అని ఒక గడి. ఆటుపోట్ల ఎత్తు ఎంత అని ఒకటి. తుపాను షెల్టర్లు ఎన్ని, రొయ్యల చెరువులు ఎన్ని. నాకు నవ్వాగలేదు. మా ఊరికి సముద్రం బస్సులో పోయినా పూట ప్రయాణం.

"సార్, ఇదేంది సార్, మనకు సముద్రం యాడుంది?" అన్నాను.

"లేదని రాయి. ఏ గడీ ఖాళీగ ఉండొద్దమ్మా, ఖాళీగ ఉంటే ఫారం తిప్పి పంపుతరు," అన్నాడాయన. ఆయన ఆ ఊరికి బదిలీ అయి వచ్చి ఏడాది కూడా కాలేదు.

అలా మా ఊరి చరిత్ర రాయడం నా నెత్తిన పడింది. నాకు తెలిసినంతలో శ్రద్ధగానే రాశాను. ఊరికి ఒక పక్క గోదావరి, మూడు పక్కల అడవి. నదికీ ఊరికీ మధ్య కరకట్ట. బస్టాండు, దాని చుట్టూ లాడ్జీలు, టిఫిన్ బండ్లు. అడవి ఊళ్ల నుంచి ఆడవాళ్లు చింతపండు, చీపుర్లు తెచ్చి సంతలో పెడతారు, వాళ్ల మాట వేరు, బేరం మాత్రం తెలుగులో. సంత అయిపోయాక ఆటోలో పదిమంది ఎక్కుతారు. గుడి, చర్చి, మసీదు, సర్కారు దవాఖానా. ఊరు పైనుంచి కిందికి వాలుగా ఉంటుంది. పైన కాలేజీ, అన్నిటికంటే కింద కరకట్టను ఆనుకుని మా వీధి. మురుగుకాలవ నీళ్లు నదిలోకి పోవడానికి కట్టలో ఒక తూము ఉంది. నది పెరిగితే తూము మూసేస్తారు, లేకపోతే నది ఊళ్లోకి వస్తుంది. మూస్తేనేమో ఊళ్లో నీళ్లు బయటికి పోవు. ఇదంతా రాస్తుంటే ఇలాంటి చోట నేను బిడ్డతో ఎట్లా ఉంటున్నాను అనిపించింది. అయితే కిరాయి తక్కువ, ఆఫీసు దగ్గర. ఆ భయాన్ని పక్కన పెట్టుకుని టైపు చేశాను.

అన్నిట్లోకి పెద్ద గడి ఒకటుంది. గత ముంపులో ఏ వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చింది? పాత ఫైళ్లు వెతికితే దొరకలేదు. ఆ ముంపులోనే తడిసి పనికిరాకుండా పోయాయని అటెండరు చెప్పాడు. అప్పటి స్టాఫు రిటైరయ్యారు, మిగిలినవాళ్లు బదిలీ. ఇక వీధుల్లో తిరిగి అడగాల్సిందే. తలా కొన్ని వీధులు పంచుకున్నాం. మా వీధి నాకొచ్చింది, అక్కడే ఉంటాను కాబట్టి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక కాగితాలు పట్టుకుని బయల్దేరాను. బిడ్డ చెయ్యి నానీ పట్టుకుంది. వీధి మొదట్లో ఉన్న ఇల్లు ఇడ్లీ బండి అక్కది. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది.

"అక్కా, పోయిన వరదలో మీ ఇంటికాడ నీళ్లు ఎంత దాక వచ్చినయ్?"

ఆమె ఒకసారి నానీ మొహం చూసింది. "గడప దాక వచ్చి పోయింది," అంది.

గడప దాకా అని రాసుకున్నాను. లేవబోతూ గోడ మీద క్యాలెండర్ చూశాను. అది ఎంత కిందికి కట్టి ఉందంటే దాని అడుగు నేలకు ఆనుతోంది. "ఏందక్కా, తారీఖులు మీ పిల్లి చూస్తదా?" అన్నాను. ఆమె నవ్వి, ఎండలు ముదిరాయని వేరే మాటెత్తింది.

రెండో ఇంట్లోనూ అదే జవాబు. మూడో ఇల్లు మా చర్చికి వచ్చే దవాఖానా నర్సమ్మది. ఆమె చదువుకున్నది, లెక్కగా చెబుతుందనుకున్నాను. ఆమె కూడా కళ్లు దించుకుని, "గడప దాక వచ్చి పోయిందమ్మా," అంది. ఆ వీధిలో ప్రతి ఇంట్లో అదే మాట, అదే వరస, ఎవరో నేర్పినట్టు. నాకు పని సులువైంది. ఆశ్చర్యంగా అనిపించింది, వాలుగా ఉన్న వీధిలో అందరి గడపల దాకానే ఎట్లా వచ్చిందని. కానీ అంతకంటే లోతుగా ఆలోచించలేదు. గడప దాకానే అంటే నాకు ధైర్యంగా ఉంది. పిరికివాళ్లు ధైర్యం చెప్పే మాటను గట్టిగా నమ్ముతారు.

క్యాలెండర్లు మాత్రం నా కంట్లో పడుతూనే ఉన్నాయి. మొదటి ఇంట్లో నేలకు ఆనిన క్యాలెండర్, నాలుగైదు ఇళ్లు దాటాక నడుము ఎత్తుకు వచ్చింది. మా ఇంట్లో అయితే మేం కిరాయికి దిగినప్పుడే గోడకు ఒక మేకు ఉంది. తారీఖు చూడాలంటే కొంచెం వంగాలి, అంత కిందికి. తీసి పైన కొడదామంటే నానీ, "ఆ మేకు కదపకు బేటీ," అంది. అందుకని మా చర్చి క్యాలెండర్ అక్కడే తగిలించాను. వీధి చివర కరకట్ట కింది ఇంట్లో మటుకు క్యాలెండర్ తలకంటే పైన ఉంది. తారీఖు చూడాలంటే స్టూలు వేసుకోవాలి. వీధి కిందికి దిగుతుంటే క్యాలెండర్లు పైకెక్కుతున్నాయి. ఈ వీధివాళ్లకు మేకు కొట్టడం కూడా చేతకాదని ఆఫీసులో చెప్పి నవ్వించాను కూడా.

ఫారంలో మా వీధికి ఎదురుగా టైపు చేశాను: గడప స్థాయి వరకు. ఆ కాగితం చూసే ఆఫీసులో వానాకాలానికి ఒక లిస్టు చేశారు. నది పెరిగితే ముందు ఏ వీధులు ఖాళీ చేయించాలి, తర్వాత ఏవి, చివర ఏవి. మా వీధి చివర్లో పడింది. బండి అవసరం లేదు, వాళ్లే నడిచి పోగలరు అని పక్కన ఒక ముక్క. ఆ ముక్కా నేనే టైపు చేశాను.

వానలు వచ్చాయి. మా ఊళ్లో వాన కురిస్తే ఎవరూ భయపడరు. పైన ఎక్కడెక్కడో కురిసిన వాన రెండు మూడు రోజుల తర్వాత మా దగ్గరికి వస్తుంది, అదీ అసలు భయం. ఆకాశం తెరిపిచ్చి ఎండ కాస్తుంటే నది పెరుగుతూ ఉంటుంది. కట్ట మీదికి పోయి చూసొచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. నేను ఒకసారి పోయాను. ఎర్రటి నీళ్లలో వేళ్లతో సహా ఒక చెట్టు నిలువునా తిరుగుతూ పోయింది. చప్పుడు లేదు. ఇంటికొచ్చి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మొదటి హెచ్చరిక వచ్చింది, రెండోది వచ్చింది. పాల్వంచ రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి, మా ఆయన అక్కడే ఆగిపోయాడు. తూము మూసేశారు. ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, నేను మెసేజులు టైపు చేస్తూనే ఉన్నాను. మొదటి లిస్టు వీధులకు ట్రాక్టర్లు పోయాయి, అక్కడివాళ్లను పైన కాలేజీకి చేర్చాయి. ప్రతి గంటకూ నది ఎత్తు రాసి బోర్డు మీద పెడుతుంటే ఆ అంకె చూడకుండా తల దించుకుని పనిచేశాను. మా వీధికి గడప దాకానే, గడప దాకానే అని లోపల అనుకుంటూ ఉన్నాను, ప్రార్థనలాగా.

మూడోది, అంటే ఆఖరి హెచ్చరిక, మధ్యాహ్నం వచ్చింది. బిడ్డకు బట్టలు సర్ది పెట్టి వస్తానని సారును అడిగి ఇంటికి పరుగెత్తాను. కాలవ నీళ్లు అప్పటికే మా వీధి చివర చీలమండల దాకా ఉన్నాయి. తలుపు తీసే ఉంది. నానీ మిషను మీద ఎవరిదో జాకెట్ కుడుతోంది. నా బిడ్డ మంచం మీద నుంచి వంగి క్యాలెండర్ లాగి చించుతోంది, పడవ చేసుకుంటుందట. నేను అరవబోయి ఆగిపోయాను.

క్యాలెండర్ వెనక గోడ మీద ఒక గీత ఉంది. మట్టిరంగు గీత, క్యాలెండర్ వెడల్పు మేర అడ్డంగా. మిగతా చోట్ల సున్నం మీద సున్నం వేసి కప్పారు, బీరువా వెనక, బట్టల అలమర వెనక కప్పారు. ఖాళీ గోడ ఉన్నచోట సున్నంలోంచి మళ్లీ ఊరుతుంటే దాని మీద క్యాలెండర్ వేశారు. నా రొమ్ము ఎత్తుకు ఉంది. బిడ్డ మంచం దిగి వచ్చి నా కాళ్లు చుట్టుకుంది. దాని తల మీద నుంచి ఆ గీతకు ఇంకా జానెడు ఉంది.

"నానీ, ఇదేంది?" అన్నాను.

ఆమె మిషను ఆపి లేచి వచ్చింది. నన్ను చూడలేదు. చినిగిన క్యాలెండర్ తీసి మళ్లీ మేకుకు తగిలించబోయింది. "మూసెయ్, ముందు మూసెయ్," అంది.

"నీళ్లు ఇంట్లకొచ్చినయా? ఇంత దాక వచ్చినయా?"

"గట్ల అనకు బేటీ." చేత్తో నా నోరు మూసింది. చేతికి మిషను నూనె వాసన. "నది వినే దినం ఇది. వచ్చింది అంటే మళ్ల రమ్మని పిల్చినట్టు. మా అత్త అట్లనే చెప్పింది, ఈ వీధిల అందరం అంతే. ఎంతొచ్చినా గడప దాక వచ్చి పోయింది అనాలె. మర్యాదగ అంటె మర్యాదగ ఉంటది."

"ఆఫీసు లెక్కకని చెప్పమంటిని గదా నానీ. రాసుకుంటిని గదా మీ ముందట్నే."

"ఆఫీసోళ్లకు తెల్వదా ఏంది? పోయినసారి వాళ్లే ట్రాక్టర్ పంపిన్రు, వాళ్లే తీస్కపోయిన్రు. ఇప్పుడు గూడ పంపుతరు. నువ్వు ఊకె మర్యాదకు అడుగుతున్నవ్, మేం మర్యాదకు చెప్పినం."

మంచం మీద కూర్చున్నాను. వీధి మొదట్లో నేలకు ఆనిన క్యాలెండర్, నడుము దగ్గర క్యాలెండర్, స్టూలు వేసుకుంటే గానీ అందని క్యాలెండర్, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. నేల కిందికి దిగింది గానీ నీరు సమంగానే నిలబడింది. ప్రతి ఇల్లూ ఆ గీత మీద మేకు కొట్టుకుంది. నేను దాన్ని చూసి నవ్వుకున్నాను. పోయిన వరదంత నది ఇప్పుడే వచ్చేసిందని పొద్దున బోర్డు మీద అంకె రాసిన అటెండరు అన్నాడు. మా వీధికి ట్రాక్టర్ రాదు. రావద్దని రాసింది నేను.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. దాచుకోవాలనే ఉంది గానీ చెప్పాలి. బిడ్డ బట్టలు ఒక సంచిలో కుక్కి, దాన్ని చంకనేసుకుని బయటికి నడిచాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుంది, ఔట్‌సోర్సింగు వాళ్లను తీసేయడానికి ఒక మాట చాలు. వీధిలో చెబితే నన్ను ఏమంటారో. బిడ్డను పైన కాలేజీలో పెట్టి, నానీని తర్వాత ఎట్లాగో రప్పించవచ్చనుకున్నాను. నిజానికి అది కూడా అనుకోలేదు, అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నా బుర్రలో బిడ్డ ఒక్కటే ఉంది.

నానీ గుమ్మంలో నిలబడి చూసింది. ఎక్కడికని అడగలేదు. "బిడ్డకు టోపీ పెట్టు, ఎండ కొడ్తది," అని మాత్రం అంది.

వీధి మొదట్లో ఇడ్లీ అక్క, నర్సమ్మ, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. మైకు ఆటో దూరంగా ఖాళీ చేయాల్సిన వీధుల పేర్లు చదువుతోంది. మా వీధి పేరు అందులో లేదు.

"మనది లాస్టంట," ఇడ్లీ అక్క నాతో అంది, నిమ్మళంగా. "ఏమీ ఫికర్ లేదు. లెక్క చూసే పెట్టిన్రు గదా లిస్టు. నువ్వే గద రాసింది."

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే నమ్మకంగా అంది. నేను తలుపుకు తాళం వేసి వస్తున్న మనిషిలా సంచీ పట్టుకుని నిలబడ్డాను. నా బిడ్డ నా భుజం మీద నుంచి వెనక్కి చూస్తూ, "నానీ రాదా?" అంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడే రోడ్డు మీద ఏడ్చాను, సిగ్గు లేకుండా. తర్వాత ఫోను తీసి సారుకు చేశాను.

ఆయన నాలుగోసారికి ఎత్తాడు. చెప్పాను. "ఏందమ్మా నువ్వు చెప్పేది? గడప దాక అని నువ్వే గద రాసిచ్చినవ్. లిస్టు పైకి పోయింది. ఇప్పుడు ఫోన్ల చెప్తే నేనెట్ల మారుస్త? ట్రాక్టర్లు అన్నీ లెక్కన ఉన్నయ్, ఇంకో వీధికి ఆపి నీ వీధికి పంపాలె. ఏం చూపెట్టి పంపాలె?" అన్నాడు. ఏం చూపెట్టాలె అని మళ్లీ మళ్లీ అడిగాడు. భయం నా ఒక్కదాని సొత్తు కాదని అప్పుడే తెలిసింది.

"చూపెడత సార్," అన్నాను.

వెనక్కి పరుగెత్తాను. నానీ ఇంకా గుమ్మంలోనే ఉంది. క్యాలెండర్ దించాలి, గీత ఫోటో తీయాలి, అన్ని ఇళ్లలో తీయాలి అని చెప్పాను. ఆమె ఆ గీతను ఇన్నేళ్లుగా చూడకుండా, చెప్పకుండా, సున్నం మీద సున్నం వేసి దాచిన మనిషి. నది తలుపు దగ్గర ఉన్న రోజున దాన్ని తెరిచి చూపమంటున్నాను. నేను బైబిలు వాక్యం చదువుకునేదాన్ని, ఇలాంటివి నమ్మకూడదు. అయినా ఆ క్షణంలో ఆమె నమ్మినంతా నేనూ నమ్మాను.

ఆమె నా బిడ్డను చూసింది. ఎండకు ఎర్రబడిన దాని మొహం చూసింది. తర్వాత లోపలికి పోయి తన చేత్తోనే క్యాలెండర్ తీసి మంచం మీద పడేసింది. బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టింది. మెడలో టేపు తీసి కింది నుంచి గీత దాకా పట్టింది, జాకెట్ కొలతకు పట్టినట్టు. ఫోటో తీశాను. నా బిడ్డ తల, తల మీద టేపు, టేపు చివర గీత.

"వచ్చింది," అంది నానీ, గోడ వైపే చూస్తూ, చాలా మెల్లగా. "ఇంట్లకొచ్చింది బేటీ. మంచం తేలింది. మిషను మునిగింది. నీ సారుకు చెప్పు."

ఆమె నా కంటే ముందు నడిచింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "దించున్రి, జల్దీ దించున్రి, ఇయ్యాల చెప్పాలె," అంది. ఆమె చెప్పింది కాబట్టి దించారు. నేను చెబితే ఎవరూ దించేవారు కారు. ఒకామె దించుతూ తన పిల్లల చెవులు మూసింది. నర్సమ్మ దేవుని పటం ఉన్న చర్చి క్యాలెండర్ తీసి కళ్లకద్దుకుని గుండెకు హత్తుకుని నిలబడింది. అన్ని గోడల మీదా అదే మట్టి గీత. వీధి చివరి ఇంట్లో నీళ్లు అప్పటికే గడప తడుపుతున్నాయి. నానీ స్టూలు ఎక్కి టేపు జారవిడిచింది. కింది చివర నేను నేలకు అదిమి పట్టాను. ఆమె పై చివర సాగదీసింది. టేపు అయిపోయింది. గీత ఇంకా పైన ఉంది.

ఆ ఫోటోలన్నీ సారుకు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. చివరి ఇంటి గుమ్మంలో ఫోను చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నీళ్లు నా చెప్పుల పట్టీల దాకా వచ్చాయి. ఆ నీటిలో ఒక చీమల గుంపు ఆకు మీద కూర్చుని పోతోంది. నానీ నా మోచెయ్యి పట్టుకుని ఉంది. మా వల్లే వస్తోందా అని అడగాలనిపించింది, అడగలేదు. తర్వాత ఫోను మోగింది. "రెండు ట్రాక్టర్లు తోలిన. ముసలోళ్లను, పిల్లలను ముందు ఎక్కియ్. నీ సంగతి తర్వాత చూస్త," అన్నాడు సారు.

పొద్దుగూకక ముందే వీధి ఖాళీ అయింది. నానీ మిషనును మంచం మీదికి ఎత్తి, మంచం కింద ఇటుకలు పెట్టి, దాని మీద దుప్పటి కప్పి వచ్చింది. ట్రాక్టర్‌లో నా బిడ్డ ఆమె ఒళ్లో నిద్రపోయింది. కాలేజీ గదుల్లో మేం ఐదు రోజులున్నాం. రెండో రోజు పొద్దున చూసొచ్చినవాళ్లు మా వీధి చివర ఇళ్ల కిటికీలు కనబడటం లేదని చెప్పారు. ఆ మాట విన్నాక నేను బిడ్డను పట్టుకుని గోడకు తిరిగి కూర్చున్నాను. రాని ట్రాక్టర్ కోసం కూర్చున్న వీధి ఒకటి నా కళ్లలో ఉంది. అది ఇప్పటికీ పోలేదు.

తిరిగి వచ్చాక మోకాళ్ల దాకా బురద. ఎత్తిపోశాం, కడిగాం. మా ఆయన పాల్వంచ నుంచి వచ్చి రెండు రోజులు పారతోనే ఉన్నాడు. మంచం ఒరిగి మిషను కింద పడి ఉంది, దాని చక్రంలో గడ్డి చుట్టుకుంది. గోడ మీద కొత్త గీత పాతదానికంటే నాలుగు వేళ్లు పైన పడింది. ఆఫీసులో నేను సవరణ కాగితం రాసి సంతకం పెట్టాను. ప్రతి ఇంటి కొలతా వేశాను, తప్పు నాదేనని కూడా రాశాను. సారు చదివి పైకి పంపాడు. ఉద్యోగం ఉంది. ఎందుకుందో నేను అడగలేదు.

గోడ ఆరాక సున్నం వేశాం. ఒక పొద్దున నానీ సుత్తి తెచ్చి పాత మేకు పీకి నాలుగు వేళ్లు పైన కొట్టింది. నేను కొత్త క్యాలెండర్ తగిలించాను. ఇప్పుడు తారీఖు చూడటానికి వంగనక్కర్లేదు. నేను అక్కడే నిలబడి ఉంటే కారేపల్లి నుంచి మా అమ్మ ఫోను చేసింది. బురదలో పడ్డాక నా ఫోనులో స్పీకరు ఒక్కటే పనిచేస్తోంది.

"బిడ్డా, నీళ్లు ఇంట్లకు గిట్ల వచ్చినయా?"

నేను నోరు తెరిచాను. ఆఫీసు కాగితంలో అంగుళాలతో సహా రాసినదాన్ని. నాలుక కదల్లేదు. నానీ సుత్తి పట్టుకుని అలాగే ఆగింది. నా బిడ్డ పరుగున వచ్చి ఫోను దగ్గర మూతి పెట్టింది.

"గడప దాక వచ్చి పోయింది అమ్మమ్మా," అంది.

నేను దిద్దలేదు.